సముద్రం లేని ఊళ్లో సముద్రపు నాచు

ఏ సముద్రతీరానికైనా వందల మైళ్ల దూరంలో, మిషిగన్‌లో ఉన్న నోవై ఊళ్లో తెలుగిళ్ల వంటగదుల్లోకి సముద్రం ఎన్ని దారుల్లో వస్తుందో, ఎంత వస్తే మంచిదో, అసలు సముద్రం ఒడ్డునే ఉన్న మనవాళ్లు నాచును ఎందుకు వదిలేశారో చెప్పే కథ ఇది.

డెట్రాయిట్ నగరం కింద సుమారు 1,200 అడుగుల లోతున ఒక సముద్రం ఎండి పడి ఉంది. నలభై కోట్ల ఏళ్ల కిందట మిషిగన్ ప్రాంతాన్ని కమ్మేసిన ఉప్పునీరు ఆవిరైపోయి, పొరలు పొరలుగా ఉప్పు మిగిలింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ గని తవ్వారు. మంచు కురిసే రోజుల్లో ఆ చుట్టుపక్కల రోడ్ల మీద లారీలు చల్లుకుంటూ పోయే ఉప్పులో చాలాభాగం ఆ పాత సముద్రానిదే. కారు అడుగుభాగాన్ని తుప్పు పట్టిస్తుందని మనవాళ్లు దాన్ని తిట్టుకుంటూ ఉంటారు.

ఆ గని నుంచి కారులో ముప్పావుగంట పోతే నోవై. 2020 జనాభా లెక్కల ప్రకారం 66 వేల మంది ఉండే ఊరు. టాఫ్ట్ రోడ్డులో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. 2025 జులైలో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) 24వ మహాసభలు జరిగింది ఇక్కడే. కార్ల విడిభాగాల కంపెనీల పుణ్యమా అని మిషిగన్‌లో జపనీయులు ఎక్కువగా స్థిరపడిన ఊరు కూడా ఇదే. కాబట్టి ఇక్కడ ఒకే వీధిలో ఒక ఇంట్లో పప్పుచారు మరుగుతుంటే పక్కింట్లో నాచు వేసిన మిసో సూప్ కాగుతూ ఉంటుంది. పిల్లలకు ఆ తేడా కూడా లేదు. బడిలో జపనీస్, కొరియన్ స్నేహితుల డబ్బాల్లోంచి రుచి మరిగి, ఉప్పూ నూనే రాసి వేయించిన నాచు రేకుల పొట్లాలు ఇంట్లో కొనిపిస్తున్నారు.

కాకినాడ నుంచో ఒంగోలు నుంచో వచ్చిన అమ్మమ్మలకే అది కొత్త.

"ఏమిటే ఇది, కార్బన్ పేపరులా ఉంది?"

"సముద్రపు నాచు అమ్మా. ఒక ముక్క తిని చూడు, ఏం కాదు."

"నాచా! మన బీచిలో కాళ్లకు చుట్టుకునేదేనా? దాన్ని డబ్బిచ్చి కొంటున్నారా?"

అమ్మమ్మ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆవిడకూ తెలియని సంగతి ఒకటుంది. నాచులో మొదట దొరికిన అయోడిన్ ఆవిడ వంటింట్లోకి ఎప్పుడో వచ్చేసింది, ఉప్పు డబ్బా మీదుగా. ఆ ఉప్పు కథ మొదలైంది కూడా ఈ మిషిగన్‌లోనే.

కింద అంత ఉప్పు ఉన్నా, ఈ రాష్ట్రం ఒకప్పుడు గాయిటర్‌కు పేరుమోసింది. గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి వాచి కాయలా వేలాడే జబ్బు అది. మంచుయుగంలో హిమానీనదాలు నేలపొరలను గీకేసి, కరిగిన నీళ్లు మిగిలిన అయోడిన్‌ను కడిగేశాయి. నేలలో లేనిది పంటలోకి రాదు, పశువుల మేతలోకి రాదు, పాలలోకి రాదు. గనిలోని ఉప్పులో కూడా అది దాదాపు లేదు. మొదటి ప్రపంచయుద్ధానికి కుర్రాళ్లను పరీక్షించినప్పుడు ఉత్తర మిషిగన్‌లోని హౌటన్ కౌంటీలో ప్రతి పదిమందిలో ముగ్గురికి థైరాయిడ్ వాచి కనిపించింది. కొందరికి సైనిక చొక్కా కాలర్ గుండీ పట్టలేదట. ఆ తరువాత నాలుగు కౌంటీల బడిపిల్లలను చూస్తే మూడోవంతుకు పైగా అదే వాపు.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో పిల్లల వైద్యుడు డేవిడ్ మరే కౌవీ స్విట్జర్లాండ్ అప్పటికే చేస్తున్న పని గురించి చదివాడు. అక్కడ ఉప్పులో అయోడైడ్ కలిపి అమ్ముతున్నారు. చట్టం తెమ్మని ప్రభుత్వం చుట్టూ తిరగకుండా, ఆయన రాష్ట్ర వైద్యసంఘాన్ని వెంటబెట్టుకుని నేరుగా ఉప్పు వ్యాపారుల దగ్గరికి పోయాడు. 1924 మే 1న అయోడిన్ ఉప్పు మిషిగన్ కిరాణా కొట్లలోకి వచ్చింది. ఆ ఏడాది చివరికి మోర్టన్ కంపెనీ దేశమంతా అమ్మడం మొదలుపెట్టింది. పదేళ్లు తిరిగేసరికి మిషిగన్ పిల్లల గొంతులు చాలావరకు మామూలుగా మారాయి. ఇప్పటికీ అమెరికాలో అయోడిన్ కలపాలన్న నిర్బంధం లేదు. అందుకే ఇక్కడి ఉప్పు డబ్బాల మీద ఈ ఉప్పు అయోడైడ్ ఇస్తుందనో, ఇవ్వదనో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. మన వాళ్లలో దాన్ని చదివేవాళ్లు తక్కువ.

ఇంతకీ అయోడిన్ మనిషి చేతికి చిక్కింది సముద్రపు నాచు బూడిదలోంచే. 1811లో ఫ్రాన్స్‌లో బెర్నార్ కూర్త్వా అనే సురేకారం తయారీదారు నెపోలియన్ యుద్ధాల మందుగుండు కోసం నాచును కాల్చి, ఆ బూడిదతో పని చేసేవాడు. ఒకరోజు గంధకామ్లం కాస్త ఎక్కువ పడింది. ఊదారంగు ఆవిరి లేచి, చల్లని చోట మెరిసే నల్లని పలుకులుగా దిగింది. తొమ్మిదేళ్లకు జెనీవా వైద్యుడు క్వాండే దాన్ని గాయిటర్‌కు మందుగా ఇచ్చాడు. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే చైనా వైద్యులు గొంతువాపుకు సముద్రపు నాచు తినమని చెప్పారు. ఎందుకు పనిచేస్తుందో వాళ్లకు తెలియదు గాని, పనిచేస్తుందని తెలుసు.

ఈ కథలో తెలుగువాడి పాలు ఉంది. దాన్ని ఒక వాక్యంలో తేల్చేయడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, విశాఖ ఆంధ్ర వైద్యకళాశాలలో చదివారు, ఆపైన ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లారు. 1956లో హిమాలయాల కింది కాంగ్రా లోయలో సుమారు లక్షమంది మీద ఆయన పాల్గొన్న ఒక పరీక్ష మొదలైంది. లోయను మూడు మండలాలుగా విడదీశారు. ఒకచోట పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు, ఒకచోట పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పు, మూడోచోట మామూలు ఉప్పు. ఆరేళ్ల తరువాత చూస్తే మొదటి రెండుచోట్లా గొంతువాపు బాగా తగ్గింది, మూడోచోట ఉన్నది ఉన్నట్టే ఉంది. అప్పుడు ఆ మూడో మండలానికీ అయోడిన్ ఉప్పు ఇచ్చారు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలవడానికి ఈ ఫలితాలే బలం. ఆయన తరువాత ఎయిమ్స్ డైరెక్టరు అయ్యారు, భారత వైద్య పరిశోధన మండలికి అధిపతి అయ్యారు, పద్మవిభూషణ్ అందుకున్నారు. నౌపడ ఉప్పుమడులున్న జిల్లాలో పుట్టిన మనిషి దేశమంతటి ఉప్పును మార్చడంలో చేయి వేశారు.

ఇక నోవై ఇళ్లకు వద్దాం. పదేళ్లుగా ఒక కొత్త భక్తి పుట్టింది. అయోడిన్ ఉప్పు "కెమికల్", గులాబిరంగు హిమాలయ ఉప్పు "సహజం". ఆవకాయకు కల్లుప్పు వాడటం మన పాత పద్ధతే, దాన్ని ఎవరూ కాదనరు. పచ్చడికి వాడే ఉప్పునే పప్పులోకీ కూరలోకీ పెరుగులోకీ పట్టుకుపోవడం కొత్త. పైగా "అది సముద్రపు ఉప్పు కదండీ, అయోడిన్ దానంతటదే ఉంటుంది" అంటారు. ఉండదు. ఉప్పునీరు మడిలో ఎండేటప్పుడు అయోడిన్ నిలవదు. మిగిలేది లెక్కలోకి రానంత. గులాబి ఉప్పు పరిస్థితీ అంతే. ఆ రంగు ఇనుముది. చేపలు తినని, పాలు మానేసిన, ఇంటా బయటా అయోడిన్ లేని ఉప్పు మాత్రమే తినే గర్భిణి ఇంట్లో ఇది తమాషా విషయం కాదు. గర్భంతో ఉన్నప్పుడు అమెరికా లెక్కల ప్రకారం రోజుకు 220 మైక్రోగ్రాములు కావాలి, మామూలు పెద్దలకు 150. తొలి నెలల్లో కడుపులోని బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం.

అయితే రేపటి నుంచి నాచు తినేయండి అని నేను చెప్పబోవడం లేదు. ఇక్కడే నోవై జపనీస్ దుకాణంలోకి ఒకసారి వెళ్లాలి. నాచు అల్మరా ముందు నిలబడితే అన్నీ నల్లగా, ఆకుపచ్చగా ఒకేలా కనిపిస్తాయి. నోరి అంటే పల్చటి రేకు, సుషీకి చుట్టేది. వకామే ఎండు తుంపులుగా ఉంటుంది. చెంచాడు నీళ్లలో వేస్తే గిన్నె నిండిపోయేంత ఉబ్బుతుంది. మొదటిసారి వండేవాళ్లు గుప్పెడు వేసి బెంబేలెత్తుతారు. కొంబు మందంగా, తోలు పట్టీలా గట్టిగా ఉంటుంది, పైన తెల్లని పొడి పట్టి ఉంటుంది. అది బూజు కాదు, మానిటాల్ అనే తీపి పదార్థం. కడిగేయకుండా తడిగుడ్డతో తుడిచి వాడతారు. హిజికి నల్లని పోచల్లా ఉంటుంది.

కొంబును నీళ్లలో నానబెట్టి, మెల్లగా వేడిచేసి, మరగబోయే ముందు తీసేస్తే వచ్చే నీరే దాషి. జపాన్ వంటకు అదే పునాది. 1908లో టోక్యో రసాయనశాస్త్రవేత్త కికునాయె ఇకెడా ఈ నీటి రుచి ఎక్కడిదా అని వెతికి గ్లూటమేట్‌ను పట్టుకున్నాడు, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాదే అజినొమొతో అమ్మకానికి వచ్చింది. మన చారులో బాగా పండిన టమాటా చేసే పనీ కొంత అదే.

ఇక మోతాదు. ఐదు గ్రాముల నోరి పొడిలో సుమారు 116 మైక్రోగ్రాముల అయోడిన్ ఉంటుందని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పట్టిక చెబుతుంది. పిల్లలు తినే చిన్న పొట్లంలో అంతకంటే తక్కువే. కొంబు సంగతి వేరు. ఒక్క గ్రాము కొంబులో రోజంతటికీ కావలసినదానికి పదింతల అయోడిన్ ఉండవచ్చు. ముక్కను తీసేసినా అయోడిన్ నీళ్లలోకి దిగే ఉంటుంది. పెద్దలకు రోజుకు 1,100 మైక్రోగ్రాములు దాటకూడదని ఇక్కడి హద్దు. జపనీయులకు తరాలుగా అలవాటైన తిండి, మనకు ఒక్కసారిగా రోజూ గిన్నెడు తాగితే పడకపోవచ్చు. పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో చెప్పనక్కరలేదు. వాళ్లు కొంబు జోలికి, ముఖ్యంగా "కెల్ప్ మాత్రల" జోలికి డాక్టరును అడగకుండా పోకూడదు. అయోడిన్ ఎక్కువైనా ఆ గ్రంథి మొరాయిస్తుంది. హిజికిని మాత్రం నేనైతే దుకాణంలోనే వదిలేస్తాను. దానిలోని ఆర్సెనిక్ కారణంగా 2001లో కెనడా, 2004లో బ్రిటన్ తినొద్దని హెచ్చరించాయి. నోరి తినండి, వకామే కొంచెం వేసుకోండి, వారానికి ఒకటిరెండుసార్లు, రుచికోసం. సూపర్‌ఫుడ్ అనే మాట అమ్మేవాళ్లకు వదిలేద్దాం.

నేరుగా తినకపోయినా నాచు మన ఇంట్లో దొరుకుతుంది. ఫ్రిజ్ తెరవండి. చాక్లెట్ పాలు, ఐస్‌క్రీమ్, గిలకొట్టే క్రీమ్ డబ్బాల వెనక "క్యారజీనన్" అని ఉంటే అది ఎర్రనాచు నుంచి తీసిన జిగురు. పాలు విరిగినట్టు కాకుండా, కోకో అడుగున దిగిపోకుండా పట్టి ఉంచేది అదే. ఇండియాలో ఉన్నవాళ్లు ఐస్‌క్రీమ్ డబ్బా మీద ఐఎన్ఎస్ 407 అన్న అంకె చూడండి. 406 అయితే అగర్, 401 అయితే గోధుమనాచు నుంచి తీసిన సోడియం ఆల్జినేట్. పళ్ల డాక్టరు దగ్గర అచ్చు తీయడానికి నోట్లో పెట్టే ముద్ద ఆల్జినేటే. గుండెమంటకు తాగే మందుల్లో కొన్నిటిలో కడుపులో తెప్పలా తేలే పొర కూడా అదే. ప్రపంచం ఏటా తీసే నాచు పచ్చి బరువున మూడున్నర కోట్ల టన్నులకు పైనే. అందులో నూటికి 97 వంతులు సేద్యంలో పండినది. సగానికి పైగా చైనాది, తరువాత ఇండోనేషియా.

శాకాహారుల ఇళ్లలో మాత్రం నాచుకు ఎప్పటినుంచో సొంత పేరుంది: చైనా గ్రాస్. ఎముకల నుంచి తీసే జెలటిన్ వద్దనుకునేవాళ్లకు అదే దిక్కు. పోచలను అరగంట నానబెట్టి, విడిగా నీళ్లలో కరిగేదాకా మరిగించి, కాగిన పాలలో పోస్తే చాలు, గది వేడిలోనే గట్టిపడుతుంది. పాలు చల్లగా ఉంటే మాత్రం పోసిన చోటే ఉండలు కట్టి, మళ్లీ వడకట్టుకోవలసి వస్తుంది. నలభై డిగ్రీల దగ్గర గట్టిపడితే, మళ్లీ కరగడానికి ఎనభై అయిదు కావాలి. ఈ గుణమే దాన్ని ప్రయోగశాలకు చేర్చింది. 1881లో జర్మనీలో సూక్ష్మజీవుల శాస్త్రవేత్త కోఖ్ ప్రయోగశాలలో పనిచేసే వాల్తర్ హెస్సె జెలటిన్ మీద సూక్ష్మజీవులను పెంచబోతే, వేసవి వేడికి అది కరిగిపోయేది, మిగిలింది బాక్టీరియాలే తినేసేవి. భార్య ఫానీ తన జామ్‌లూ జెల్లీలూ అగర్‌తో చేసేది. జావాలో ఉండి వచ్చిన పొరుగువారి దగ్గర నేర్చుకున్న పద్ధతి. అది వాడి చూడమని ఆమే చెప్పింది. ఇప్పటికీ ప్రతి ఆస్పత్రి ల్యాబులో అదే. అగర్‌ను ప్రస్తావించిన కోఖ్ వ్యాసంలో ఆమె పేరు లేదు.

ఇంకొక స్త్రీకి జపాన్‌లో గుడి ఆవరణలో స్మారకం ఉంది. రెండో ప్రపంచయుద్ధం తరువాత నోరి పంట దెబ్బతింది. విత్తనం ఎక్కడి నుంచి వస్తుందో జాలర్లకు తెలియదు. ఒక ఏడు వస్తే ఒక ఏడు రాదు. మాంచెస్టర్‌లో కాథ్లీన్ డ్రూ-బేకర్, పెళ్లయిందని జీతమిచ్చే ఉద్యోగం పోయినా పరిశోధన ఆపని మనిషి, 1949లో 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం రాసింది. ఆల్చిప్పల మీద గులాబి మరకలా కనిపించే జీవి వేరే జాతి కాదని, నోరి కుటుంబానికి చెందిన పోర్ఫైరా బతుకులో అదొక దశేనని తేల్చింది. ఆ ముక్క పట్టుకుని జపాన్ శాస్త్రవేత్తలు ట్యాంకుల్లో చిప్పల మీద విత్తనం పెంచి వలలకు ఎక్కించారు. ఆమె జపాన్ ఎప్పుడూ చూడలేదు. 1963లో కుమమోతో ప్రాంతంలోని ఉతో పట్టణంలో నోరి రైతులు ఆమెకు స్మారకం కట్టారు, ఏటా ఏప్రిల్ 14న పండుగ చేస్తారు.

సరిగ్గా ఆ 1963లోనే 'కరెంట్ సైన్స్'లో ఒక చిన్న పరిశోధన పత్రం వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు రాసినది. విశాఖపట్నం తీరపు రాళ్ల మీద పోర్ఫైరా ఎప్పుడు వస్తుంది, ఎంతకాలం ఉంటుంది అన్నది విషయం. అంటే సుషీకి చుట్టే నాచుకు దగ్గరి బంధువు మన విశాఖ రాళ్ల మీదే మొలుస్తుంది. అరవై ఏళ్లు దాటింది, అది వ్యాసంలోనే ఉండిపోయింది.

దానికి ఆంధ్రుల బద్ధకం ఒక్కటే కారణమనడం అన్యాయం. నాచుకు పట్టు కోసం రాయి కావాలి, వెలుతురు దిగే తేట నీరు కావాలి. మన తీరం వెయ్యి కిలోమీటర్లు దాటినా చాలాచోట్ల ఇసుక, లేదా గోదావరీ కృష్ణలు తెచ్చే బురద నీరు. విశాఖ, భీమిలి దగ్గర రాళ్లున్నాయి గాని అలల జోరెక్కువ. తమిళనాడు మండపం దగ్గర పాక్ అఖాతం ప్రశాంతంగా ఉంటుంది కాబట్టే అక్కడ నాచు సేద్యం నిలదొక్కుకుంది. వెదురు తెప్పకు తాళ్లు కట్టి, తాళ్లకు కప్పాఫైకస్ ముక్కలు ముడివేసి వదులుతారు. 45 రోజులకు నాలుగింతలు పెరుగుతుంది. 2000 ప్రాంతంలో పెప్సికో రాకతో ఊపందుకున్న ఆ పంట, 2013 తరువాత వేడెక్కిన నీటిలో కుప్పకూలింది. బయటి నుంచి తెచ్చిన జాతి కావడంతో కురుసడై దీవి దగ్గర పగడాలను కప్పేసిందని 2008లోనే శాస్త్రవేత్తలు రాశారు. 2020లో కేంద్రం మత్స్య సంపద యోజనలో నాచుకు 640 కోట్లు కేటాయించి, ఐదేళ్లలో 11 లక్షల టన్నులకు పైగా పండిస్తామంది. ఆ ఉత్సాహం మన తీరానికీ వస్తోంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను ఏ రాత్రి వస్తుందో తెలియని చోట, తెప్పలు కొట్టుకుపోతే నష్టం ఎవరిది అన్న ప్రశ్నకు ముందే జవాబు రాసుకోకుండా మత్స్యకార మహిళల చేతికి తాళ్లు ఇవ్వకూడదని నా అభిప్రాయం.

మన తీరానికి నిజంగా అచ్చొచ్చిన పంట నీటిలో కంటే గట్టు మీద ఉందేమో. సామర్లకోటలో తోట పెట్టి కోరమాండల్ మొక్కలను పరిశీలించిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బరో, సముద్రం దగ్గరి ఉప్పు నేలల్లో పెరిగే ఇలకూర గురించి రాసిపెట్టాడు. తీరంలో అన్ని వర్గాలవాళ్లూ దాన్ని తినేవారట. 1791 నుంచి 1793 దాకా వచ్చిన కరవులో ఒడ్డున ఉన్న పేదలకు తినడానికి దాదాపు అదొక్కటే మిగిలిందని, ఆ ఆకు ఒక్కటే వేలమంది ప్రాణాలు నిలిపిందని రాశాడు. ఉప్పుమడుల గట్ల మీద, రొయ్యల చెరువుల చుట్టూ ఇప్పటికీ ఉంది. సన్నటి, కండపట్టిన ఆకులు; చలికాలం ముదిరితే ఎర్రబారుతాయి. దాని పక్కనే ఎర్రకాడలతో, చిన్న గులాబి పువ్వులతో నేల మీద పాకేది వంగరెడ్డికూర. రెండూ ఉప్పగానే ఉంటాయి కాబట్టి ఒకటికి రెండుసార్లు ఉడికించి నీళ్లు వార్చేసి, పప్పులో ఉప్పు వేయకుండా వండాలి. రక్తపోటు ఉన్నవాళ్లకు ఇది పనికొచ్చే కూర కాదు.

ఇదే తరహా ఉప్పునేల మొక్క సాలికోర్నియాను అమెరికా ఖరీదైన దుకాణాలు "సీ బీన్స్" అని చిన్న పెట్టెల్లో అమ్ముతాయి. భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ దాని నుంచి ఉప్పే తీసి పేటెంటు తీసుకుంది. ఇలాంటి మొక్కకు మంచినీరు అక్కర్లేదు, తుపాను వచ్చినా కొట్టుకుపోదు, చౌడుబారి వదిలేసిన రొయ్యల చెరువులో కూడా వస్తుంది. అయితే రొయ్యల మందులు, భారలోహాలు ఆకులోకి ఎంత దిగుతున్నాయో ముందు పరీక్షించాలి. ఇలకూరను ఆ లెక్కతో సాగుచేసి చూసే పని కాకినాడ, శ్రీకాకుళం జిల్లాల్లో ఎవరు మొదలుపెట్టినా, రాక్స్‌బరో పుస్తకంలో మొదటి పేజీ వాళ్లకోసం రాసే ఉంది.